ఎద్దు విరగ్గొట్టిన దడి

సెప్టెంబరు 4, బుధవారం

ఎవెలియో ఎద్దు నా దడిని విరగ్గొట్టింది.

పొద్దున మా ఆయన అర్సేసియో జీపు తీసుకుని బడిపిల్లల కోసం వెళ్లాక, గిన్నెలు కడిగిన నీళ్లు మొక్కలకి పోద్దామని బయటికి వచ్చాను. గేటు పక్కన రెండు గుంజలు నేలకి ఒరిగి ఉన్నాయి. వెదురు దబ్బలు నలిగిపోయాయి, కట్టుతీగ తెగి వేలాడుతోంది. వాటి కింద నా ఆంథూరియం మొక్కలు. ఆదివారం చర్చికి ఇద్దామని ఉంచిన ఎర్ర పూలు బురదలో నూరిన మిరపకాయల్లా ఉన్నాయి. నిన్న సాయంత్రం నా స్నేహితురాలు ఫాబియోలా ఇంటికి జపమాల ప్రార్థనకి వెళ్లేటప్పుడు దడి నిలబడే ఉంది. వచ్చేటప్పుడు మసక, వాన. తల దించుకుని వచ్చేశాను.

పక్కింటి ఎద్దు కాక ఇంకేమిటి? జూన్‌లో నా ఉల్లికాడలు మేసిందీ అదే.

అర్సేసియో పిల్లల్ని దింపి ఇంటికి రాగానే చూపించాను. ఆయన టోపీ తీసి నుదురు తుడుచుకుని, దడి వైపు కాక నా వైపు చూస్తూ, "ఎద్దే అయ్యుంటుంది" అన్నారు.

చేతిలో చీపురు అలాగే పట్టుకుని ఎవెలియో ఇంటికి వెళ్లాను. కాఫీ పళ్లు ఎండబోస్తున్నాడు. నన్ను చూడగానే టోపీ తీశాడు.

"ఆ ఎద్దుని కట్టేసుకోవడం నీకు చేతకాదా అన్నయ్యా? తాడు లేకపోతే చెప్పు, నేనిస్తా. మా ఇంట్లో బట్టలారేసుకునేది ఉంది."

టోపీని చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. "మాదే అయ్యుంటుంది చెల్లెమ్మా. వెదురు నేనే కొట్టించి తెస్తా. పున్నమి పోనీ. చంద్రుడు పెరిగే రోజుల్లో కొడితే పురుగు పడుతుంది."

అంతే. ఒక్క ఎదురుమాట లేదు. తిడదామని వెళ్తే ఎదుటివాడు ముందే తల వంచేస్తే ఆ కోపమంతా మళ్లీ ఇంటికి మోసుకు రావాలి. మోసుకొచ్చాను. మధ్యాహ్నం అరేపా రొట్టెలు మాడిపోయాయి.

సెప్టెంబరు 5

దడి బాగు చేయడం కాదట, మొత్తం తీసేయాలట. ఆయన మాట.

"వెదురు ఎన్నాళ్లుంటుందే ముసలీ? సిమెంటు స్తంభాలు పాతిద్దాం. వాటికి ఇనుప జాలీ. స్తంభాలకి తెల్లరంగు కొడితే ధగధగలాడుతూ ఉంటాయి."

"మనమేమన్నా బొగొటా నుంచి శనివారాలు వచ్చిపోయే దొరలమా, తెల్ల స్తంభాలకి?"

"దొరలకేనా తెలుపు?"

"విరిగింది రెండు గుంజలు. వెదురు ఎవెలియో ఇస్తానన్నాడు. వాడి ఎద్దు చేసిన పనికి మన ఇంటి చుట్టూ జైలు కట్టుకుంటామా?"

"ఎవెలియో దగ్గర ఏమీ తీసుకోవద్దు" అన్నారు. మామూలుగా అనలేదు. బల్ల మీద అరచేత్తో కొట్టి మరీ అన్నారు.

ఎప్పుడు చూసినా బావా, బావా అని ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని తిరిగే మనుషులు వీళ్లు. ఆ ఎద్దు నా పూలే కాక ఇంకేదో కూడా తొక్కినట్టుంది.

నేను ఒప్పుకోను. ఈ దడి వెదురుదే. వెదురుతోనే బాగుపడుతుంది.

సెప్టెంబరు 8, ఆదివారం

నడిచే వెళ్లాను చర్చికి. "ఎక్కవే, వాన వచ్చేలా ఉంది" అని జీపు ఆపి పిలిచారు. మోకాళ్లకి నడక మంచిదని క్లినిక్ నర్సు చెప్పింది కదా అన్నాను. ఆయన నవ్వి ముందుకి పోనిచ్చారు. జీపు నిండా జనం, వెనక కమ్మీ పట్టుకుని వేలాడేవాళ్లు, అరటి గెలలు, ఎవరిదో కోడి.

దారిలో ఎవెలియో ఎదురయ్యాడు. కంచరగాడిద మీద, ముందు మనవరాలు యూలియానా, ఇద్దరికీ కలిపి ఒకే ప్లాస్టిక్ పట్టా. బడి ఉన్న రోజుల్లోనూ ఇంతే. ఈస్టర్ తర్వాత నుంచి ఆ పిల్లని జీపు ఎక్కించడం మానేశాడు. మా జీపు వాళ్ల గుమ్మం ముందు నుంచే వెళ్తుంది. పసిదాన్ని వానలో గాడిద మీద తీసుకెళ్తాడు. పిసినారి. నేను పలకరించలేదు.

చర్చి ముందు ఆయన మామూలే. ఫాబియోలా నల్ల శాలువా కప్పుకుని మెట్ల మీద నిలబడితే, ఎదురెళ్లి తల వంచి, "దీవించండి ఫాదర్" అన్నారు. ఫాబియోలా శాలువాతో ఒక్కటి వేసింది. "ఈసారి పాపాలు కూడా చెప్పుకో అర్సేసియో, వింటాను" అంది. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు.

నేనూ నవ్వాను. ఆయన ఎప్పుడూ ఇంతే. పోయిన నెల ఆరేసిన చొక్కాకి శుభోదయం చెప్పారు.

సెప్టెంబరు 9

రోజూ ఆ విరిగిన దడి పక్క నుంచే నీళ్లు మోస్తున్నాను. రోజూ ఒళ్లు మండుతోంది.

సెప్టెంబరు 12, గురువారం

బడిలో ఊరి సమావేశం. మంచినీళ్ల గొట్టం గురించి మాట్లాడటం అయ్యాక లేచి నిలబడ్డాను. పశువుల్ని వదిలేసేవాళ్లు మనుషుల మధ్య ఉండటానికి తగరనీ, కొండ మీద ఒక్కళ్లే ఉండాలనీ, ఎవెలియో ఎద్దుని కట్టేయాలని సమావేశం తీర్మానం చేయాలనీ అన్నాను.

ఫాబియోలా మెల్లిగా, "ఏ ఎద్దు వదినా?" అంది.

"ఎవెలియోకి ఎన్ని ఎద్దులున్నాయేం?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. యామిలే టీచర్ కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టింది. అప్పుడు ఎవెలియో లేచి, నేల చూస్తూ, "కట్టేస్తాను" అన్నాడు. సమావేశం ముగిసింది.

అర్సేసియో బయట జీపులోనే కూర్చుని ఉన్నారు, లోపలికి రాలేదు. నడిచి వచ్చాను.

సెప్టెంబరు 13

ఎవరూ చేయకపోతే నేనే చేసుకుంటానని విరిగిన దబ్బలన్నీ ఏరి పక్కన పెట్టాను. సగం పనికొస్తాయి. మొక్కల మొదట్లో నారింజరంగు పెంకు ఒకటి దొరికింది. సీసా పెంకు. కాళ్లకి గుచ్చుకోకుండా తీసి కిటికీలో పెట్టాను.

సెప్టెంబరు 14

సీసా పెంకు కాదు.

సెప్టెంబరు 15

జీపుకి ముందు కుడివైపు, మలుపు తిరిగేటప్పుడు వెలిగే దీపం మీద ఎర్ర టేపు అంటించి ఉంది. అడిగాను. దారిలో రాయి ఎగిరి తగిలిందన్నారు. అయ్యుంటుంది. ఈ దారులన్నీ రాళ్లే.

పెంకు కిటికీలోంచి తీసి పిండి డబ్బా వెనక పెట్టాను.

సెప్టెంబరు 17, మంగళవారం

ఫాబియోలా పూల కోసం వచ్చింది. పూలెక్కడివి, దడి చూడు అన్నాను. మళ్లీ ఆ ఎద్దు పాట ఎత్తుకున్నాను. ఫాబియోలా నా చెయ్యి పట్టుకుని బల్ల మీద కూర్చోబెట్టింది.

"వదినా, నువ్వు బాగానే ఉన్నావు కదా?"

"నాకేం?"

"ఎవెలియో ఆ ఎద్దుని ఆగస్టులోనే అమ్మేశాడు. దేవమాత పండగ ముందు. లారీ ఎక్కించేటప్పుడు నువ్వు కూడా చూశావు. పాపం, దాని కళ్లు చూడమన్నావు నాతో."

చూశాను. నిజమే. లారీ, ఎద్దు, దాని కళ్లు, అన్నీ చూశాను. నిండు సమావేశంలో లేచి నిలబడి లేని ఎద్దుని కట్టేయమన్నాను. నాకు మతి తప్పిందని ఊరంతా జాలి పడుతోంది. ఎవెలియో ఏమో "కట్టేస్తాను" అన్నాడు.

పిండి డబ్బా వెనక నుంచి పెంకు తీసుకుని వాళ్లింటికి వెళ్లాను. యూలియానాని లోపలికి పొమ్మన్నాను. పెంకు వాడి అరచేతిలో పెట్టాను.

"ఇది ఏ ఎద్దు కొమ్మో చెప్పు."

చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పాడు. తర్వాత చెప్పాడు. ఆ రోజు సాయంత్రం అర్సేసియో జీపు లోపలికి తిప్పుతూ నేరుగా దడిలోకి పోనిచ్చారట. గేటు బార్లా తెరిచే ఉందట. శబ్దం విని ఎవెలియో పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కలిసి జీపు వెనక్కి లాగారు. ఈస్టర్ వారంలో అర్మేనియా పట్నానికి విత్తనాల కోసమని ఇద్దరూ వెళ్లింది విత్తనాలకి కాదు, కంటి డాక్టరు దగ్గరికి.

"నీటికాసులు అన్నారు చెల్లెమ్మా. పోయిన చూపు రాదన్నారు. బావ నా కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. ఎద్దని చెబుతానన్నాడు. సరే అన్నాను."

"ఎద్దుని అమ్మేశావు కదా, ఇద్దరిలో ఒక్కడికీ గుర్తు లేదా?"

"ఆ కంగారులో ఎద్దే నోట్లోకొచ్చింది."

నవ్వొచ్చి ఉండేది, ఇంకెవరింట్లోనైనా. అప్పుడే లోపలి నుంచి యూలియానా ఏదో పాడుకోవడం వినిపించింది. నాకు ఒక్కసారిగా తట్టింది.

"ఈస్టర్ నుంచి నీ మనవరాలు గాడిద మీద వెళ్తోంది."

వాడు పెంకు తిరిగి నా ముందుకి చాపాడు.

"నీ పిల్లని దింపేసుకున్నావు. మిగతా పిల్లలందరినీ ఆ జీపులో ఉంచావు. రోజూ పొద్దున్నే వాళ్లు నీ గుమ్మం ముందు నుంచి చేతులూపుతూ వెళ్తుంటే నువ్వూ చెయ్యి ఊపావు. నేను చూశాను నువ్వు ఊపడం."

"బావ మాట తీసుకున్నాడు..."

"ఇంకోసారి నన్ను చెల్లెమ్మా అని పిలవకు. నీ వెదురు నా వాకిట్లో కనబడితే తగలబెడతాను."

పిసినారి అనుకున్నాను ఇన్నాళ్లూ. పిసినారి అయినా బాగుండేది.

సెప్టెంబరు 18

ఆయన వంటింట్లో అరటికాయ చెక్కు తీస్తున్నారు. కత్తి వేలి మీద నుంచి వెళ్తోంది, వేళ్లకే కళ్లున్నట్టు. ఎన్నాళ్ల నుంచి అలా తీస్తున్నారో.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాను.

"ఏది, అరటికాయా?"

"నాతో పరాచికాలాడకు."

పెళ్లయిన నాటి నుంచి ఆయన్ని మీరు అనే అన్నాను, మా అమ్మ మా నాన్నని అన్నట్టు. ఆ 'ఆడకు' వినగానే కత్తి కింద పెట్టాడు.

"ఎదురుగా బాగానే కనిపిస్తుంది రూబీ. పక్కలే లేవు. గుర్రానికి గంతలు కట్టినట్టు."

"డాక్టరు ఏమన్నాడు?"

"డాక్టర్లు ఏదో ఒకటి అంటారు. అనకపోతే మనం డబ్బులివ్వం కదా."

"బండి గురించి ఏమన్నాడు?"

"వద్దన్నాడు." మళ్లీ కత్తి కోసం తడిమాడు. నేను తీసి దూరంగా పెట్టాను. "ఆ డాక్టరుకి ఈ దారి తెలుసా? నాకు ప్రతి గుంట తెలుసు. కళ్లు మూసుకుని నడపగలను."

"అదే కదా చేస్తున్నావు."

అప్పుడు తెల్ల స్తంభాల సంగతి కూడా చెప్పాడు, ఏదో మంచి ఆలోచన చెబుతున్నట్టు. తెల్లరంగు వేస్తే మసక వెలుతుర్లో కూడా గేటు ఎక్కడుందో తెలుస్తుందట. నేనేమో దర్జా కోసం అనుకుని రెండు వారాలు పోట్లాడాను. దడి కాదు ఈ మనిషికి కావలసింది, దీపస్తంభాలు.

అరిచాను. గిన్నె విసిరాను. అతను గిన్నె పడిన వైపు కాక ఇంకో వైపు తల తిప్పాడు. అది చూసి ఇంకా అరిచాను.

చివరికి బల్ల మీద చేతులు పెట్టుకుని అన్నాడు: "జీపు లేకపోతే పొద్దున్నే లేచి నేనెక్కడికి పోవాలి? నవంబరులో బడి మూసేదాకా ఉండనీ. తర్వాత అమ్మేస్తా. దేవమాత మీద ఒట్టు. ఇన్నేళ్లలో ఒక్క పిల్లకి గీత పడిందా, చెప్పు."

సరే అన్నాను.

ఈ చేత్తోనే రాస్తున్నాను. సరే అన్నాను.

సెప్టెంబరు 20

క్లినిక్ నర్సు నన్ను నడవమని ఎప్పుడూ చెప్పలేదు. జీపు ఎక్కకుండా ఉండటానికి నేనే అల్లాను.

సెప్టెంబరు 23, సోమవారం

ఇవాళ్టి నుంచి ముందు సీట్లో నేను కూర్చుంటున్నాను. అతనికి పక్కలు కనబడకపోతే ఆ పక్కలు నేను. ఇది నా ఆలోచనే. ఎవరినీ అనడానికి లేదు.

పాలకేంద్రం దగ్గర మగవాళ్లు మొదలుపెట్టారు. "ఏంటి దోన్ అర్సేసియో, మళ్లీ పెళ్లి చేసుకున్నావా? పెళ్లికూతుర్ని ఊరేగిస్తున్నావు." అతను టోపీ ఎత్తి, "ఈ వయసులో కొత్తది దొరకదు, పాతదాన్నే కడిగి తెచ్చా" అన్నాడు. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. నేను రోడ్డు చూస్తున్నాను.

"కుడి పక్క కుక్క. మెల్లిగా. ఎడమకి తిప్పు. ఇంకా. మోటారు సైకిల్, మోటారు సైకిల్."

"చూశాలే."

చూడలేదు.

సెప్టెంబరు 26

ఇంటికి రాగానే వీపంతా కర్రలా బిగుసుకుపోతోంది. అతను మాత్రం కుర్రాడిలా ఉన్నాడు. జీపులో పాటలు పాడుతున్నాడు. నేను పక్కన కూర్చోవడం బాగుందట. "ముందే రావాల్సింది నువ్వు" అన్నాడు. చెంప పగలగొట్టాలనిపించింది.

సెప్టెంబరు 30

పిల్లలు నేర్చేసుకున్నారు.

నేను "కుడికి" అనగానే వెనక నుంచి అందరూ కలిసి "కుడికి, దోన్ అర్సేసియో, కుడికి" అని అరుస్తున్నారు. ఫాబియోలా చిన్న మనవడు నాకంటే ముందే చెబుతున్నాడు. "అక్కడ గుంట, అక్కడ బామ్మ, అక్కడ కోడి." వాళ్లకి ఇది ఆట. ఇంత మంచి ఆట ఏ జీపులోనూ లేదు. అర్సేసియో వాళ్లతో కలిసి కేకలు పెడుతున్నాడు.

పొద్దున ఆ పిల్లల కేకల మధ్య నాకు చలి పుట్టింది. సాయంత్రం ఫాబియోలా ఇంట్లో జపమాల. "మావాడు రోజూ నీ గురించే చెబుతాడు వదినా" అంది. వేడి బెల్లం నీళ్లు ఇచ్చింది. తాగాను.

అక్టోబరు 2, బుధవారం

కాఫీ కోతల కాలం. రోడ్డు మీద కూలీల రాకపోకలు ఎక్కువ. వాన చినుకులు. వంతెన ముందు మలుపులో వెనక ఇద్దరు పిల్లలు కొట్టుకుంటుంటే, కూర్చోండని చెప్పడానికి వెనక్కి తిరిగాను. ఎంతసేపు? ఒక మాట అనేంతసేపు.

దబ్‌మని శబ్దం. నేను ముందుకి తిరిగేసరికి రోడ్డు నిండా ఎర్ర పళ్లు. గోనె సంచి చిరిగి, కాఫీ పళ్లు పూసల దండ తెగినట్టు పల్లానికి దొర్లుతున్నాయి. మనిషి కాలవలో ఉన్నాడు. లేచాడు. సంచి భుజం మీద నుంచి వదిలేసి దూకాడు కాబట్టి బతికాడు.

పిల్లలు ముందు నవ్వారు. తర్వాత ఆ మనిషి ముఖం చూసి నవ్వడం ఆపేశారు.

అర్సేసియో జీపు ఆపలేదు. ఇంకా నడుపుతూనే ఉన్నాడు. "ఏం తగిలింది?" అన్నాడు. "కొమ్మా?"

తాళం తిప్పి లాగేశాను. జీపు కుదుపుతో ఆగింది.

"మనిషి" అన్నాను.

అతను స్టీరింగు వదల్లేదు. తర్వాత గొంతు సవరించుకుని, "రోడ్డు మీద సంచి మోసుకెళ్లేవాడికి హారన్ ఉండాలి కదా" అన్నాడు. అది హాస్యం. ఎవ్వరూ నవ్వలేదు. ఫాబియోలా చిన్న మనవడు మెల్లిగా నన్ను అడిగాడు: "దోన్ అర్సేసియోకి కనబడదా?"

"కనబడదు" అన్నాను. "దిగండి అందరూ."

"రూబీ" అన్నాడు అతను. "రూబీ, పిల్లల ముందు వద్దు."

దింపాను. కాలవలో మనిషికి చెయ్యి అందిస్తే విదిలించి కొట్టాడు. సరిగ్గానే చేశాడు. తాళం జేబులో వేసుకుని, పిల్లల్ని ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోమని, వానలో బడిదాకా నడిపించుకెళ్లాను. వెనక్కి తిరిగి చూడలేదు. అతను స్టీరింగు పట్టుకుని అలాగే కూర్చుని ఉంటాడని తెలుసు.

బడి గుమ్మంలో కొందరు తల్లులు, యామిలే టీచర్, మధ్యాహ్నం వంట కోసం వచ్చిన ఫాబియోలా. తడిసిన పిల్లల్ని చూసి ఏమైందన్నారు. చెప్పాను. కళ్ల సంగతి, డాక్టరు మాట, దడి, ఎద్దు. ఎవెలియో సంగతి కూడా వదల్లేదు. నాకెప్పుడు తెలిసిందో కూడా చెప్పాను.

అంతా విన్నాక ఫాబియోలా దగ్గరికి వచ్చింది. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"మొన్న మా ఇంట్లో కూర్చుని బెల్లం నీళ్లు తాగావు" అంది. "నా మనవడి తల నిమిరావు. అన్నీ తెలిసి."

మనవళ్లిద్దర్నీ లోపలికి తీసుకెళ్లిపోయింది. యామిలే టీచర్ తువ్వాలు తెచ్చి పిల్లలకి ఇచ్చింది. నాకు ఎవరూ ఇవ్వలేదు.

అక్టోబరు 3

జీపుని ఎవెలియో, ఇంకో ఇద్దరు తోసుకుంటూ ఇంటికి తెచ్చారు. అర్సేసియో వాళ్ల వెనక నడిచి వచ్చాడు, జీపు వెనక కమ్మీ మీద చెయ్యి వేసుకుని. శవపేటిక వెనక నడిచినట్టు.

అక్టోబరు 6, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. పూలు లేవు, ముఖం లేదు.

అక్టోబరు 7

తప్పు నాదట. తన మీద ఊరికి చెప్పింది నేనేనన్నాడు. పెళ్లాం మొగుణ్ణి వీధిలో పెట్టిందన్నాడు. నాలుగు రోజులు నోరు మూసుకుని కూర్చుని, తెరిస్తే వచ్చింది ఇది.

"ఆ కూలీ చచ్చి ఉంటే?"

"చావలేదుగా."

కంచం ముందు పెట్టి బయటికి వచ్చేశాను. విరిగిన దడి దగ్గర నిలబడి ఒక దబ్బని కాలితో తొక్కి తొక్కి పీచు చేశాను. పనికొస్తుందని పక్కన పెట్టిన దబ్బ అది.

అక్టోబరు 11

జీపు అమ్మేశాం. కలర్కా నుంచి ఒకాయన వచ్చి చూసి, నడిపి చూసి, తీసుకెళ్లాడు. పిల్లల్ని కూడా ఆయన కొడుకే తీసుకెళ్తాడట. అర్సేసియో వాకిట్లోకి రాలేదు. వంటింట్లో కూర్చుని చెవి రిక్కించాడు. జీపు ఎత్తు ఎక్కుతుంటే, "రెండో గేరులో ఎక్కిస్తున్నాడు, మూర్ఖుడు" అన్నాడు. శబ్దం పోయేదాకా కూర్చున్నాడు. పోయాక కూడా కూర్చున్నాడు.

నాకు జాలి వేయాలి. వేయలేదు. ఇన్ని నెలలు నన్నూ, ఊరినీ నవ్వించి నవ్వించి మోసం చేశాడు. ఏది హాస్యమో ఏది చూపు పోవడమో ఇప్పుడు ఒక్కొక్కటీ విడదీసుకోవాల్సి వస్తోంది. ఆరేసిన చొక్కా. నల్ల శాలువా. పోయిన ఏడాది నా పుట్టినరోజుకి ఇంకో ఆవిడ చెయ్యి పట్టుకుని నాట్యం మొదలుపెట్టడం. దానికీ నేను నవ్వాను.

అక్టోబరు 19, శనివారం

ఎవెలియో గాడిద మీద వెదురు తెచ్చాడు. చంద్రుడు తగ్గుతున్నాడు, మంచి వెదురు, లావుది, పచ్చ మచ్చలున్నది. తగలబెడతానన్నాను కదా, అయినా తెచ్చాడు. వాకిట్లో దించుతుంటే గుమ్మంలో నిలబడి చూశాను.

"తిట్టు" అన్నాడు.

"తిట్టడానికి కూడా చాలవు నువ్వు."

"నేనూ ఫాబియోలా దగ్గరికి వెళ్లాను. తలుపు తియ్యలేదు."

"నాకెందుకు చెబుతున్నావు?"

మా ఊళ్లో గుమ్మం ముందుకి వచ్చిన మనిషికి కాఫీ ఇవ్వకపోవడం అంటే ఉమ్మేయడమే. నేను ఇవ్వలేదు. లోపల నుంచి అర్సేసియో, "ఎవెలియోకి కాఫీ ఇవ్వవే" అన్నాడు. కదల్లేదు. గిన్నెల చప్పుడైంది. మూత కింద పడింది. చాలాసేపటికి ఒక చేత్తో గోడ తడుముతూ, ఇంకో చేతిలో కప్పు పట్టుకుని వచ్చాడు. సగం ఒలికిపోయింది. ఎవెలియో అది రెండు చేతులతో అందుకుని నిలబడే తాగాడు. కోడెదూడలు రెండు నా వాకిట్లో.

వెదురు తగలబెట్టలేదు. మంచి వెదురు.

అక్టోబరు 22

తెల్ల స్తంభాలు లేవు, జాలీ లేదు. దడి నేనే వేస్తున్నాను. గుంతలు తవ్వుతున్నాను. చేతులు బొబ్బలెక్కాయి. కోపం మనిషికి మంచి కూలీ, పైసా అడగదు.

అక్టోబరు 24

మొదట విరిగినంత వరకే అనుకున్నాను. రెండు గుంజలు, నాలుగు బారల దబ్బలు. అక్కడికి వచ్చాక ఆగలేదు. గేటు పెరికేశాను. జీపు లోపలికి వచ్చేంత వెడల్పు ఇక ఎవరికి? ఆ ఖాళీకి అడ్డంగా గుంజలు పాతి దబ్బలు కట్టేశాను. చివర్న మనిషి పట్టేంత చిన్న సందు వదిలి దానికి తలుపు పెట్టాను.

యామిలే టీచర్ దారిన పోతూ ఆగింది. పిల్లలు కొత్త జీపులో కూడా కుడి, ఎడమ అని అరుస్తున్నారట, కొత్త డ్రైవరు తల పట్టుకుంటున్నాడట. కూలీ మనిషి మళ్లీ కోతకి వస్తున్నాడని కూడా చెప్పింది. ఫాబియోలా గురించి అడగలేదు. ఆమె చెప్పలేదు.

అక్టోబరు 26, శనివారం

మధ్యాహ్నం అర్సేసియో బయటికి వచ్చాడు. అన్ని రోజుల తర్వాత. ఇంటి మూల దగ్గర దడి పట్టుకుని, దాని వెంబడే ఒక్కో గుంజ తాకుతూ నడిచాడు. నేను కొత్త దబ్బలకి తీగ బిగిస్తున్నాను. పలకరించలేదు.

గేటు ఉండాల్సిన చోట ఆగాడు. రెండు చేతులతో తడిమాడు, పైన, కింద, పక్కన. ఎక్కడా ఖాళీ తగల్లేదు.

"ఇక్కడ గేటుండాలి."

"ఉండేది."

నుదురు దబ్బకి ఆనించి నిలబడ్డాడు. నాకు అతని వీపే కనిపిస్తోంది. అరుస్తాడనుకున్నాను. అరిస్తే అరవడానికి నా దగ్గర కావలసినంత ఉంది, రోజంతా నూరుకున్నాను.

"మరి మనిషి వెళ్లాలంటే?" అన్నాడు.

"ఇంకా ముందుకి. కుడిచేతి వైపు."

వెళ్లాడు. చిన్న తలుపు దొరికింది. తెరిచాడు, మూశాడు. తర్వాత దాని పక్క గుంజ పట్టుకుని ఊపాడు.

"ఇది ఎవరు పాతారు?"

"ఎవరు పాతుతారు? నేనే."

"వదులుగా ఉంది. అడుగున రాళ్లు వెయ్యలేదు."

"వేశాను."

"వెయ్యలేదే."

వెయ్యలేదు. ఆ గుంజ పాతేసరికి నడుము విరిగిపోయింది, మట్టి పోసి తొక్కేశాను.

"ఒక్క గట్టి వానకి పడిపోతుంది" అన్నాడు.

"పడితే మళ్లీ పాతుతా. నీకేం?"

"గునపం ఇటివ్వు."

చెయ్యి చాపాడు. నేనున్న వైపు కాదు, కొంచెం పక్కకి. ఆ చెయ్యి అలా గాలిలో ఉంటే కోపం మళ్లీ రేగింది. అతని మీదో, ఆ కళ్ల మీదో, ఎవెలియో మీదో, నా మీదో తెలియదు. తిరిగి అతని చెయ్యి ఉన్న వైపు వెళ్లి గునపం అందులో పెట్టాను.

గుంజ పెరికేశాడు. గుంతలో మోచేతిదాకా చెయ్యి పెట్టి లోతు చూశాడు. "ఇది గుంతా, కోడి గీరిందా?" అన్నాడు. అంత తెలిస్తే ఇన్ని రోజులు మంచానికి ఎందుకు అంటుకున్నావన్నాను. రాళ్లు తెమ్మన్నాడు. నీ పనిమనిషినా అన్నాను. తెచ్చాను. చిన్నవి తెచ్చానని తిట్టాడు. పెద్దవి తెచ్చి కాళ్ల దగ్గర పడేశాను. ఎవెలియో వాళ్లింటి అరుగు మీద నుంచి చూస్తున్నాడు. యూలియానా కూడా వచ్చి పక్కన నిలబడింది. చూడనీ.

చినుకులు మొదలయ్యేదాకా ఇద్దరం ఆ గుంజల దగ్గర పోట్లాడుకుంటూనే ఉన్నాం. రెండు మళ్లీ పెరికి పాతాం. మూడోది రేపు.